నడిపి చూచిన బండికి దెబ్బ తగిలినచో సొమ్ము ఎవరిది?

(హోసూరున మన సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నన్ను మాటలాడుమని కోరినప్పుడు తెలుగు బడులను గూర్చియో, పాఠ్యపుస్తకములను గూర్చియో చెప్పుదునని కొందరు తలచి యుందురు. ఆ విషయములు ప్రతి సభలోను వచ్చుచునే యున్నవి, రావలసినవే. నేడు నేను వేరొక విషయము నెత్తుకొనుచున్నాను. కారు కొనదలచినవాడు ముందుగా దానిని నడిపి చూచును. టెస్టు డ్రైవు అనుడు, ట్రయలు అనుడు, పేరేదైనను పని యొక్కటే. ఆ నడుపుటలో బండికి దెబ్బ తగిలినచో ఆ సొమ్ము ఎవరు పెట్టుకొనవలెను? అమ్మువాడా, కొనువాడా, ప్రక్కన కూర్చున్న గుమాస్తాయా? వినుటకు ఇది చిన్న ప్రశ్న. కాని గడచిన యేడాదిలో మన సంఘము గదికి వచ్చిన తగవులలో మూడు దీని నుండియే పుట్టినవి. వానిలో నొకటి నిశ్చయమైన పెండ్లి సంబంధమును తెంచునంత వరకు పోయినది.

నాది స్పేరు పార్టుల అంగడి. బంపరు పగిలినవాడును, దీపము చితికినవాడును మొదట నా గల్లా ముందే నిలుచును. కనుక ఈ విషయమున కొంత చెప్పగలనని నా నమ్మకము.

మనవారిలో క్రొత్త కారు కొనువారికంటె పాత కారు కొనువారే యెక్కువ. అదియు తెలిసినవారి యొద్ద, బంధువుల యొద్ద. బెంగుళూరులో వాడిన బండి అత్తిబెలె దాటి హోసూరునకు వచ్చును. ఇక్కడ నుండి కృష్ణగిరికి పోవును. సోలాపురమునను, బరంపురమునను ఉన్న మనవారి సంగతియు ఇంచుమించు ఇట్టిదే యని అచటి మిత్రులు చెప్పుదురు. యానాములోని అమ్మకపువాని బండిని కాకినాడవాడు వచ్చి నడిపి చూచును. బంధువు వచ్చి తాళము అడిగినప్పుడు, “లైసెన్సు చూపించు, చీటీ వ్రాయి” అనుటకు మనకు నోరు రాదు. “బండి నీదే అనుకో అన్నా, తీస్కపో” అందుము. బండి చెక్కుచెదరక తిరిగి వచ్చినచో ఆ మాట మర్యాదగా నిలుచును. దెబ్బతో తిరిగి వచ్చినచో ఆ మాటనే పట్టుకొని యిరువురును వాదులాడుదురు. ఒకడు “నీదే అన్నావు గదా” అనును. రెండవవాడు “నీదే అయితే బాగు చేయించు” అనును.

మా నాయనగారు ఎద్దుల బేరము సంగతి చెప్పెడివారు. సంతలో జతను కాడికి కట్టి నాలుగడుగులు తోలి చూచుట కొనువాని హక్కు. అడ్వాన్సు చేతిలో పడువరకు ఎద్దు అమ్మువానిదే. తోలునప్పుడు అది తనంతట కుంటినచో నష్టము అమ్మువానిదే. కొనువాడు జతను వదలి వేరొక జతను చూచుకొనును. కాని కొనువాడు ములుకోలతో పొడిచి, రాళ్లబాటలో పరుగెత్తించి, దాని కాలు విరుగునట్లు చేసినచో పెద్దలు వానిచేతనే డబ్బు కట్టించెడివారట. జబ్బు ఎద్దును మంచిదని చెప్పి కట్టించినవానికి ఆ సంతలో మరల మాట చెల్లెడిది కాదట.

చట్టము కూడ ఇంచుమించు ఈ దారినే నడచుచున్నది. 1930 నాటి సరకుల విక్రయ చట్టము ప్రకారము, వేరే ఒప్పందము లేనప్పుడు, సరకు ఎవరి సొత్తో నష్టమును సాధారణముగా వారిదే. నచ్చిన కొందునని తీసికొన్న సరకు, నచ్చినదని చెప్పువరకు అమ్మువాని సొత్తే. ఇక 1872 నాటి కాంట్రాక్టు చట్టము ఉన్నది. ఒకరి వస్తువును వేరొకరు ఒక పనికై తీసికొని, పని తీరిన పిదప తిరిగి ఇచ్చుటను అందులో ‘బెయిలుమెంటు’ అనిరి. తీసికొన్నవాడు, సామాన్య వివేకము గలవాడు తన సొంత వస్తువును చూచుకొనునంత జాగ్రత్తతో దానిని చూడవలెనని 151వ సెక్షను చెప్పుచున్నది. అట్లు చూచినను చెడినచో, ప్రత్యేకమైన ఒప్పందము లేనంతవరకు, వాడు బాధ్యుడు కాడని 152వ సెక్షను. ఒప్పుకొన్న పనికి కాక మరియొక పనికి వాడుకొన్నచో జాగ్రత్త కూడ వానిని కాపాడదని 154వ సెక్షను. అనగా రింగు రోడ్డు వరకు పోయి వచ్చెదనని చెప్పి బండిని రాయకోట వరకు తోలుకొనిపోయినవాడు, ఎంత నెమ్మదిగా నడిపినను, దెబ్బ తగిలిన చెల్లింపవలసినదే.

అమ్మువాడు మఱువరాదని నేను కోరునది 150వ సెక్షను. బండిలో తనకు తెలిసిన లోపమును అతడు ముందుగా చెప్పవలెను. చెప్పక తాళము ఇచ్చి, ఆ లోపము చేతనే నష్టము కలిగినచో దానికి అతడే బాధ్యుడు. బ్రేకు పెడలు లోపలికి దిగుచున్నదని మెకానిక్కు చెప్పిన తరువాత కూడ నోరు మెదపక బండి ఇచ్చినవాడు, బండి గోడకు తగిలినదని కొనువానిని నిలదీయరాదు. అమ్మువాడు ప్రక్కసీటులో కూర్చుండియుండగా బండి నిజముగా అప్పగింపబడినదా లేదా యని వకీళ్లు గంటల కొలది వాదింపగలరు. మన గదిలో తీర్పు చెప్పుటకు మాత్రము ఈ కొలబద్ద చాలునని నా అభిప్రాయము.

ఇంతవరకు చెప్పినది అమ్మువానికిని, కొనువానికిని మధ్య నున్న లెక్క. బాటలో నడచిపోవు మనిషికి దెబ్బ తగిలినచో లెక్క వేరు. వారిలో ఎవరు తప్పు చేసిరను వాదముతో ఆ మనిషికి పని లేదు. మోటారు వాహనముల చట్టము, 1988, ప్రకారము ప్రతి బండికిని ఇతరుల నష్టమునకు బీమా ఉండి తీరవలెను. బీమా చెల్లుబడిలో ఉండి, నడిపినవానికి లైసెన్సు ఉండి, యజమాని అనుమతితో నడిపినచో, వాడు యజమాని కాకపోయినను కంపెనీ చెల్లించును. బీమా గడువు తీరియున్నచో నడిపినవానితోపాటు యజమానియు చిక్కుకొనును. లైసెన్సు లేనివాడు నడిపినచో బాధితునికి కంపెనీచేత ఇప్పించి, తరువాత ఆ సొమ్మును యజమాని యొద్ద వసూలు చేసికొనుటకు కంపెనీకి వీలున్నదని 2004లో స్వరణ్ సింగు కేసున సుప్రీముకోర్టు చెప్పినది. లైసెన్సు విషయమున యజమాని తగిన జాగ్రత్త తీసికొనినాడా లేదా యనుట ఆ కేసున ముఖ్యమైన మాట. కనుక లైసెన్సు చూపుమనుట బంధువును అవమానించుట కాదు. నేడది చేతిలోని ఫోనులోనే ఉండును. చూచుటకు అర నిమిషము చాలును.

పదునేడేండ్ల కుమారునిచేత బండి నడిపించి చూపు తండ్రులు మనలో నున్నారు. ‘మావాడు నాకంటె బాగా తోలును’ అని గర్వముగా చెప్పుదురు. 2019 నాటి సవరణ తరువాత మైనరు చేసిన నేరమునకు తండ్రికిగాని, బండి యజమానికిగాని మూడేండ్ల వరకు ఖైదును, 25,000 రూపాయల జుల్మానాయు పడవచ్చును. పండ్రెండు నెలలు బండి రిజిస్ట్రేషను రద్దగును. దీనిపై నేనింతకంటె చెప్పను.

నడిపి చూచి, నచ్చి, డబ్బిచ్చి తీసికొనిపోయిన పిదప కూడ అమ్మువానికి తీరిక లేదు. రిజిస్ట్రేషనులో పేరు మారువరకు చట్టము దృష్టిలో యజమాని అతడే. 2007లో అమ్మిన ఒక కారు పలువురి చేతులు మారి, 2009లో ప్రమాదము చేసినది. పత్రములో పేరు మొదటివానిదే యున్నందున 2018లో సుప్రీముకోర్టు అతనినే బాధ్యునిగా నిలిపినది. అది నవీన్ కుమారు కేసు. పేరు మార్చు దరఖాస్తును బద్ధకించువారు ఆ కథను ఒకసారి చదువవలెను.

ఇక బండికి తగిలిన దెబ్బ సంగతి. ‘బీమా ఉన్నది గదా, కంపెనీ యిచ్చును’ అని నడిపినవాడు చేతులు దులుపుకొనును. నా అంగడిలో ప్రతిదినము వినుమాట ఇది. ఒక లెక్క చెప్పెదను, కాగితముపై వ్రాసికొనుడు. ఏడేండ్ల కారు, 1500 సి.సి. లోపుది, సంపూర్ణ బీమా గలది అనుకొందము. ముందు భాగము చితికి బిల్లు 40,000 అయినది. అందులో ప్లాస్టిక్కు సామాను 20,000, ఇనుప రేకు 8,000, కూలి 12,000. ప్లాస్టిక్కునకు కంపెనీ సగమే యిచ్చును; 10,000 మనవి. ఏడేండ్ల బండి రేకునకు నూటికి 40 తగ్గించును; 3,200 మనవి. పైగా తప్పనిసరిగా యజమాని భరింపవలసినది 1,000. మొత్తము 14,200 యజమాని చేతి నుండి పోవును.

అక్కడితో ఆగదు. అయిదేండ్లు క్లెయిము చేయనివానికి సొంత నష్టపు ప్రీమియములో నూటికి 50 తగ్గింపు ఉండును. దీనిని నో క్లెయిము బోనసు అందురు. ఇది బండిది కాదు, మనిషిది. పాత బండి అమ్మి క్రొత్తది కొన్నప్పుడు దానిని తనతో తీసికొనిపోవచ్చును. ఒక్క క్లెయిముతో అది సున్న అగును. మరల 20, 25, 35, 45 అని మెట్లెక్కి రావలెను. ఆ ప్రీమియము ఏటికి 10,000 అనుకొన్నచో వరుసగా 5,000, 3,000, 2,500, 1,500, 500 చొప్పున అయిదేండ్లలో 12,500 నష్టము. రెండును కలిపిన 26,700. బిల్లు 40,000 అయినప్పుడు బీమా వలన నిజముగా మిగిలినది 13,300 మాత్రమే! అయిదారువేల గీతకు క్లెయిము చేయుట దండుగయని నేను చెప్పుచుండుట ఇందువలననే. బండి అమ్ముకొనుచున్నవాడు రేపు క్రొత్త బండికి ఆ బోనసును వాడుకొన దలచియుండును. నడిపి చూచి దెబ్బ తగిలించినవాడు ‘కంపెనీ యిచ్చును’ అనునప్పుడు, ఇచ్చుచున్నది కంపెనీ కాదు, ఆ యజమాని అయిదేండ్ల జాగ్రత్త.

పాత బండ్లకు అనేకులు ఇతరుల నష్టమునకు మాత్రమే బీమా కట్టుదురు. అట్టి బండికి దెబ్బ తగిలినచో కంపెనీ పైసా యీయదు. తగవులు ఎక్కువగా వచ్చునది ఇచ్చటనే.

మరియొక మెలిక కలదు. సొంత కారు పాలసీలో సాధారణముగా మోటారు వ్యాపారమునకు సంబంధించిన వాడకము, వేగపరీక్ష వంటివి చేరవని వ్రాసియుందురు. బండిని అమ్మి పెట్టుమని పాతబండ్ల వర్తకుని యొద్ద వదలినప్పుడు, అచ్చట దెబ్బ తగిలినచో కంపెనీ ఆ వాక్యమును చూపి అడ్డు చెప్పుటకు వీలున్నది. 2022 డిసెంబరులో ప్రకటింపబడి 2023 ఏప్రిలు 1 నుండి అమలునకు వచ్చిన నిబంధనల ప్రకారము, అనుమతి పొందిన పాతబండ్ల వర్తకునికి బండి అప్పగించినట్లు తెలియజేసినచో, బండి యతని యొద్ద ఉన్నంతకాలము అతడే యజమానిగా పరిగణింపబడును. ఎవరు నడిపిరి, ఏ పనికై, ఎంత దూరమని అతడు ఎలక్ట్రానిక్కు రిజిస్టరులో నమోదు చేయవలెను. కాబట్టి చెట్టు క్రింద బండ్లు నిలిపి అమ్ముచున్న పరిచయస్థునికి తాళము ఇచ్చి ఇంటికి వచ్చుట కూడదు. అనుమతి యున్నదా యని అడిగి, అప్పగించిన రసీదు పుచ్చుకొనవలెను.

క్రొత్త బండ్ల షోరూములలో వేరొక పద్ధతి. నడుపుటకు ముందు ఒక కాగితముపై సంతకము చేయించుకొందురు. అది ఆంగ్లముననో, తమిళముననో, కన్నడముననో ఉండును. మన పెద్దలలో అనేకులకు ఈ భాషలు మాటలాడుట వచ్చును, చదువుట రాదు. ‘సమస్త నష్టములకును నేనే బాధ్యుడను’ అని అందులో ఉన్నచో, ఇంతకు ముందు చెప్పిన ప్రత్యేక ఒప్పందము అదియే. కనుక చదివించుకొని, అర్థము తెలిసికొని, ఎంతవరకు బాధ్యత యని అంకె వేయించుకొని సంతకము చేయుడు. షోరూమువాడు బండి అమ్మి లాభము పొందువాడు. నడిపి చూపుట అతని వ్యాపారములోని ఖర్చు. జాగ్రత్తగా నడిపిన ఖాతాదారుని యొద్ద కొద్దిపాటి గీతకు వేలు వసూలు చేయుట నాకు న్యాయముగా తోచదు. నేనును వర్తకుడనే, నా అంగడిలో చూపించుటకు తీసిన గాజు దీపము చేయి జారినచో కొన్నిటిని నా లెక్కలోనే వ్రాసికొనుచున్నాను. ఇది ఔదార్యము కాదు, అంగడి నడుపు పద్ధతి.

అంతకంటె బాధాకరమైన సంగతి ఒకటి చెప్పవలెను. మన బస్తీ పిల్లవాడొకడు ఒక షోరూములో అమ్మకపు ఉద్యోగి. పేరు ఊరు వద్దు. ఖాతాదారుడు నడుపగా ప్రక్కన కూర్చున్నాడు. ఆ ఖాతాదారుడు మలుపులో డివైడరునకు తగిలించినాడు. యాజమాన్యమువారు ఖాతాదారుని కాఫీ యిచ్చి పంపివేసి, ‘నీవెందుకు హెచ్చరింపలేదు’ అని పిల్లవాని జీతములో నెలకు కొంత చొప్పున కోయ మొదలిడిరి. తల్లి వచ్చి మా యింటి అరుగుపై కూర్చుండి ఏడ్చినది. చెల్లెలి కాలేజీ ఫీజు ఆ జీతము నుండియే.

వేతనములలో కోతకు నియమములున్నవి. 1936 నాటి వేతనముల చెల్లింపు చట్టములో ఉన్న నియమమే 2019 నాటి వేతన స్మృతిలోనికిని వచ్చినది. ఉద్యోగికి ప్రత్యేకముగా అప్పగించిన వస్తువు అతని నిర్లక్ష్యము వలననే చెడినప్పుడు మాత్రమే కోయవలెను. నష్టమునకు మించి కోయరాదు. అతడు చెప్పుకొనుటకు అవకాశము ఇచ్చిన తరువాతనే కోయవలెను. స్టీరింగు వేరొకని చేతిలో నుండగా ప్రక్కసీటులోనివాడు ఎట్లు నిర్లక్ష్యము చేసినట్లు? మేము ముగ్గురము పోయి, గొంతు పెంచక, నియమమును చూపి మాటలాడితిమి. కోత ఆగినది. అప్పటికి కోసిన రెండు నెలల సొమ్ము తిరిగి రాలేదు. అడుగుచునే యున్నాము. మీ యింటి బిడ్డలెవరైన ఇట్టి పనిలో నున్నచో, ఖాతాదారుని లైసెన్సు నకలు తీసికొనక బండి కదల్పవలదని చెప్పుడు.

పెండ్లి సంబంధము వరకు వచ్చిన తగవును గూర్చి రెండు కుటుంబముల అనుమతితోనే చెప్పుచున్నాను. కాబోవు వియ్యంకుని కారును పెండ్లికుమారుని అన్న నడిపి చూచినాడు. వాన పడుచుండెను. మలుపులో జారి రాతికట్టకు కొట్టుకొన్నది. బీమా ఇతరుల నష్టమునకు మాత్రమే. బిల్లు ఏబది రెండువేలు. ‘పిల్లనిచ్చువాడవు, ఇది కూడ అడుగుదువా’ అని వీరు. ‘పిల్లను అడిగినవారు బండి కూడ ఊరక విరుగగొట్టుదురా’ అని వారు. ఆడపిల్ల తల్లి గుమ్మము వద్ద నిలిచి మాట పలుకకుండెను. నేను మొదట మాటలను ఆపించి, బండిని చూడబోతిని. ముందు టైర్లు రెండును అరిగి నున్నగా ఉన్నవి. అమ్మువానికి అది తెలియును. అమ్మిన తరువాత కొనువాడే మార్చుకొనునని ఊరకుండెను. నడిపినవాడు వానలో, తెలియని బండిలో, నిదానింపక మలుపు తిప్పెను. ప్రక్కన కూర్చున్న మేనమామయే ఆ మాట చెప్పెను. కనుక మూడు పాళ్లలో రెండు నడిపినవాడును, ఒకటి బండివాడును పెట్టుకొనవలెనని చెప్పితిని. సగము సగము అనియుండిన ఇరువురి ముఖమును నిలిచెడిదని కొందరు పెద్దలు నాతో అనిరి. వేగము నడిపినవాని చేతిలోనిది; టైర్లు నున్నగా ఉన్నను నిదానించినచో ఆ మలుపు తిరిగెడిది. అందుచేత సగమునకు నేనొప్పుకొనలేదు, నేటికిని ఒప్పుకొనను. సొమ్ము రెండు వాయిదాలలో చెల్లినది. పెండ్లి వైశాఖమున జరిగినది. కారును మాత్రము వారు కొనలేదు.

ఇట్టి తగవులు గదివరకు రాకుండుటకు నాకు తోచిన ఉపాయము ఒక చిన్న చీటీ. తెలుగున అచ్చువేసి, వెనుక ప్రక్కన తమిళమును, కన్నడమును వేయవలెను. అందులో బండి నంబరు, బీమా ఏ రకమో, గడువు ఎన్నటి వరకో. నడుపువాని పేరు, లైసెన్సు నంబరు. ఎక్కడి నుండి ఎక్కడికి, ఎంత సేపు. అమ్మువానికి తెలిసిన లోపములు, టైర్లు బ్రేకులు సహా. అంతకు ముందే యున్న గీతలు. చివర ఒక వాక్యము: నడుపువాని అజాగ్రత్త వలన కలిగిన నష్టములో బీమా యీయని భాగమును, పోయిన బోనసును అతడు చెల్లించుననియు, చెప్పని లోపము వలన కలిగిన నష్టము బండివానిదనియు, ఎవరి తప్పును లేక వచ్చిన నష్టము బండివానిదే యనియు. ఈ చివరి మాటకు అమ్మువారు నొసలు చిట్లింతురని నాకు తెలియును. కాని అమ్ముటకు బయటికి తెచ్చినది వారు. బీమా కట్టుకొనుటకు వీలున్నదియు వారికే.

చీటీ నమూనాను రాబోవు వారపు పత్రికలో ప్రకటింపుమని కార్యదర్శిగారిని కోరుచున్నాను. తమిళ పాఠమును మన ఉన్నత పాఠశాల ఉపాధ్యాయులొకరు చూచెదమనిరి. కన్నడ పాఠమునకు బాగలూరు వైపు మిత్రులెవరైన ముందుకు రావలెను. బరంపురము, ఖరగపురము శాఖలవారు ఒడియా, బంగాళీ పాఠములు కావలయునన్నచో పదిహేను దినములలో వ్రాసి పంపిన, అన్నిటిని కలిపి ఒకేసారి అచ్చునకు ఇత్తుము.